మదర్ వేషం

గంగ చదవడం మొదలుపెట్టాక, వెనక బెంచీల మీద గుసగుసలాడుతున్న పిల్లలు ఒక్కొక్కరే నోరు మూశారు.

కాన్వెంటుకు నూరేళ్ళు నిండుతున్నాయి. ఆ వేడుకలో స్కూలు చరిత్రను నాటకంగా వేయించే పని కన్నడ టీచరు చంద్రిక మీద పడింది. నాటకం ఆమే రాసింది. సిస్టర్లు బంగారుపేటలో రైలు దిగి బంగారు గనుల ఊరికి రావడం మొదటి సీను. చాంపియన్ రీఫ్స్‌లో కూలీల ఇళ్ళ వరసలైన లైన్లలో, రేకుల షెడ్డు ముందు నిలబడి, పిల్లల్ని బడికి పంపమని ఆ సిస్టర్లకు పెద్దయిన మదర్ గని కూలీల భార్యలను అడగడం రెండోది. ఆ తరువాత షిఫ్టు దిగి వచ్చిన కూలీలు రాళ్ళు మోసి బడి గోడలు లేపుతారు. గనులు మూతపడతాయి, క్లాసులు సగం ఖాళీ అవుతాయి. చివరికి పల్లెలకు స్కూలు బస్సులు తిరుగుతాయి, కొత్త బ్లాకు లేస్తుంది. నాటకమంతా ఇంగ్లీషు, కన్నడం. రెండో సీను మాత్రం తెలుగు. చిత్తూరు పల్లెల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన ఆ ఆడవాళ్ళతో మదర్ వచ్చీరాని తెలుగులోనే మాట్లాడి ఉంటుందని చంద్రిక నమ్మకం.

"మీ బిడ్డల్ని నాకియ్యండమ్మా," అని చదివింది గంగ. "పొద్దు గూకే లోపల మళ్ళా మీ చేతికే ఇస్తాను. ఆకలైతే నేను పెడతాను. ఏడిస్తే..."

అక్కడ ఆగింది. కాగితంలో ఆగమని లేదు. ఎదురుగా ఎవరో ఆడమనిషి చంకలో బిడ్డ ఉన్నట్టు, ఆ బిడ్డ ముఖంలోకి చూస్తున్నట్టు ఒకసారి చూసింది.

"ఏడిస్తే నేను ఎత్తుకుంటాను. పలక మాత్రం వాళ్ళే పట్టుకోవాల."

గంగ కంటే ముందు చదివిన పిల్లలు చేతులు ఊపారు, గొంతు పెంచారు. ఈ పిల్ల రెండూ చేయలేదు. ఎనిమిదో తరగతి. లైన్లలో ఇల్లు. క్లాసులో చంద్రిక ఆమెను ఎప్పుడూ ప్రత్యేకంగా గమనించింది లేదు. ప్రశ్న వేస్తే లేచి జవాబు చెప్పి కూర్చునే పిల్ల.

"నువ్వే మదర్," అంది చంద్రిక. ఇంకెవరినీ చదవమనలేదు.

రిహార్సల్స్ పాత హాల్లోనే జరిగాయి. చంద్రిక నేల మీద సుద్దముక్కతో గీతలు గీసింది. ఇక్కడ రైలు, ఇక్కడ షెడ్డు, ఇక్కడ కూలీల వరస. బెంచీలు బోర్లించి మెట్లు చేసింది. మదర్ నడిస్తే కాళ్ళు నడుస్తున్నట్టు కనిపించకూడదని, సిస్టర్ల పొడుగు అంగీ జరుగుతున్నట్టు ఉండాలని చెప్పింది. ఆ మధ్యాహ్నం అన్నం గంటలో వరండా వైపు చూస్తే గంగ ఒక్కతే ఈ చివర నుంచి ఆ చివరకు, తల కదలకుండా, చిన్న చిన్న అడుగులతో నడుస్తోంది. పిల్లలు పక్కనుంచి పరిగెత్తుతున్నా పట్టించుకోవడం లేదు. వరండా కమ్మీల అవతల, మూతపడిన గని తాలూకు ఇనుప చట్రం నిలబడి ఉంది. దాని చక్రం తిరిగి ఎన్నేళ్ళైందో ఆ పిల్లల్లో ఎవరికీ తెలియదు.

"సరిగ్గా వస్తా ఉందా మిస్?" అని అడిగింది గంగ, చంద్రికను చూసి ఆగిపోయి.

"వస్తా ఉంది. ఇంగా కొంచెం మెల్లగా."

వేషాలు వేసి చూసే రోజున హెడ్మిస్ట్రెస్ సిస్టర్ ఆరోగ్యమేరి పాత తెల్ల అంగీ ఒకటి ఉతికించి, గంజి పెట్టించి పంపింది. తలకు ముసుగు, నడుముకు జపమాల. మేకప్ చూసుకునే డ్యాన్సు టీచరు పవిత్ర నిలువుటద్దం ఒకటి తెప్పించి గోడకు ఆనించింది. గంగ చేతులు చాచి నిలబడితే, పవిత్ర అంగీ తొడిగి, పొడుగెక్కువైనచోట లోపలికి మడిచి పిన్నీసులు గుచ్చింది. ముసుగు నుదుటి మీదికి లాగి చెవుల వెనక బిగించింది. తరువాత రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

గంగ నల్లగా ఉంటుంది. యూనిఫాంలో, పిల్లల మధ్య, అది ఎవరికీ కనిపించే విషయం కాదు. తెల్లటి గంజిబట్ట చుట్టూ బిగిసేసరికి ముఖం ఇంకా నల్లబడ్డట్టు అనిపించింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"చంద్రికా మిస్," అంది పవిత్ర, గొంతు తగ్గించాననుకుని. "లైట్లు పడితే ముసుగొకటే కనిపిస్తాది. లోపల మనిషి ఉండాదా లేదా అని వెతుక్కోవాల."

చంద్రిక నవ్వింది.

పెద్ద నవ్వు కాదు. ముక్కులోంచి వచ్చిన చిన్న నవ్వు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేలోపే బయటికి వచ్చేసింది. తలెత్తితే అద్దంలో గంగ కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. ఆ కళ్ళలో కోపం లేదు. ఇప్పుడే ఏదో కొత్త సంగతి తెలిసినట్టు ఉన్నాయి, అంతే. వెంటనే చూపు దించుకుని జపమాల సర్దుకుంది.

అన్నం తినేటప్పుడు చంద్రిక ఆ నవ్వు గురించి ఆలోచించలేదు. వేడుక గురించి ఆలోచించింది. బిషప్పు గారు వస్తున్నారు. బెంగళూరు నుంచి పాత విద్యార్థులు వస్తున్నారు. అంతా వీడియో తీస్తారు. హాల్లో వేలాడే మదర్ పటంలో ఉన్నది దొరసాని, ఎర్రటి ముఖం. చూసేవాళ్ళు నమ్మాలి కదా. పిల్లలు స్టేజి మీద నవ్వితే ఆ పిల్లే కదా బాధపడేది. పెరుగన్నం కలిపేసరికి ఆమెకు ఇది గంగ మేలు కోరి చేస్తున్న పనిలాగే అనిపించసాగింది.

గంట కొట్టాక గంగను వరండాలోకి పిలిచింది.

"నీ గొంతు గట్టిది గంగా. కూలీల వరసలో అంతా మెత్తగా మాట్లాడే పిల్లలే ఉన్నారు. ఆ సీను నిలబడాలంటే నీలాంటి గొంతు ఒకటి అక్కడ ఉండాల. మదర్ వేషం చైత్రకిస్తాను. నువ్వు గని కూలీ భార్యగా చెయ్యి. సరేనా?"

"సరే మిస్," అంది గంగ.

లోపలికి వెళ్ళి అంగీ విప్పింది. పిన్నీసులు ఒక్కొక్కటే తీసి మూత వేసి డబ్బాలో పెట్టింది. మడత గీతల మీదే అంగీ మడిచి, పైన ముసుగు, దాని పైన జపమాల పెట్టి, చైత్ర ఒళ్ళో పెట్టింది.

*

చైత్రది బంగారుపేట. తండ్రికి మామిడి మండీ ఉంది. రోజూ స్కూలు బస్సులో వస్తుంది. పచ్చటి పిల్ల. భయం ఎక్కువ. వేషం తనకు ఇస్తున్నామంటే మొదట నమ్మలేదు. "నిజంగానా మిస్? నేను బాగా చదివినానా?" అని అడిగింది. "బాగా చదివినావు," అంది చంద్రిక.

చైత్ర ఇంటి దగ్గర కష్టపడి కంఠతా పట్టుకొచ్చేది. హాల్లోకి వచ్చి సుద్దగీత మీద నిలబడగానే సగం మరిచిపోయేది. "ఆకలైతే నేను పెడతాను" అన్న తరువాత కళ్ళు పైకప్పు వైపు తిరిగేవి. కూలీల వరసలోంచి, పెదవులు కదిలీ కదలకుండా, గంగ అందించేది. "ఏడిస్తే." చైత్ర అందుకునేది. గంగను ఎవరూ అందించమనలేదు. తన వంతు వచ్చినప్పుడు చంకలోని బట్టబొమ్మను మదర్ చేతిలో పెట్టి, "నీదే భారం తల్లీ," అని పక్కకు జరిగేది. ఆమెకున్నది ఆ ఒక్క మాటే.

"బాగుంది చైత్రా," అనేది చంద్రిక ప్రతిసారీ.

ఒక సాయంత్రం సిస్టర్ ఆరోగ్యమేరి రిహార్సల్ చూడ్డానికి వచ్చింది. షామియానా వాళ్ళతో, వంటవాళ్ళతో మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయి ఉంది. తలుపు దగ్గరే నిలబడి రెండో సీను చూసింది. తెల్ల అంగీలో చైత్ర నడిచి వస్తుంటే సిస్టర్ ముఖం విప్పారింది.

"ఇప్పుడు మన మదర్ మాదిరే ఉండాది," అంది.

పిల్లలంతా చప్పట్లు కొట్టారు. గంగ చంకలో బొమ్మ ఉంది కాబట్టి కొట్టలేదు.

ఆ మరునాడు గంగ రాలేదు. ఆ తరువాతా రాలేదు. లైన్ల నుంచి వచ్చే ఇంకో పిల్లను అడిగితే, "జ్వరమంట మిస్," అంది. చంద్రిక బట్టబొమ్మను వేరే పిల్లకిచ్చి రిహార్సల్ నడిపించింది. చైత్రకు మాట అందించేవాళ్ళు లేరు. చంద్రిక కాగితం పట్టుకుని తనే అందించింది.

*

ఎవరో మిమ్మల్ని అడుగుతున్నారని చెబితే చంద్రిక స్టాఫ్ రూములోంచి బయటికి వచ్చింది.

వరండాలో స్తంభం పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా. చెప్పులు మెట్ల కిందే విడిచాడు.

"గంగ వాళ్ళ నాయననమ్మా. మారప్ప," అన్నాడు, చేతులు కట్టుకుని.

"రండి, లోపలికొచ్చి కూర్చోండి."

"పర్వాలేదమ్మా. నిలబడేది అలవాటే. బెంగళూర్లో సెక్యూరిటీ పని నాది. చీకట్లో మారికుప్పంలో రైలెక్కితే మళ్ళా చీకట్లోనే దిగేది. అందుకే ఎన్నడూ స్కూలు పక్కకు రాలేకపోయినాను. ఈ పొద్దు లీవు పెట్టినాను."

"గంగకు జ్వరం తగ్గిందా?"

"జ్వరం కాదమ్మా." వెనక్కి తిరిగి, "రా పాపా," అన్నాడు.

గంగ స్తంభం అవతల నుంచి వచ్చింది. చున్నీ తల మీదుగా తెచ్చి ముఖానికి అడ్డంగా పట్టుకుని ఉంది. చంద్రిక ముందుకొచ్చినా వదల్లేదు. మారప్పే ఆమె వేళ్ళు విడిపించి చున్నీ పక్కకు తీశాడు.

రెండు బుగ్గల మీదా చర్మం లేచిపోయి ఉంది. ముక్కు పక్కన, గడ్డం మీద, ఎర్రటి మచ్చలు. వాటి అంచులు కమిలి ఉన్నాయి. పైన పూసిన మందు మెరుస్తోంది.

"తప్పైపోయిందమ్మా," అన్నాడు మారప్ప. "మా పక్కింటి పిల్ల బ్యూటీ పార్లర్లో పని చేస్తాది. దాని కాడుండే బ్లీచు డబ్బా అడిగి తీసుకొనింది ఇది. కాసేపు పూసి కడిగేసే మందంట. తెల్లారేదాకా అట్లే పెట్టుకొని పడుకొనింది. లేస్తే ఇట్ల. డాక్టరు చూసినాడు. మానిపోతాది, గుర్తు కూడా ఉండదు అన్నాడు. అయితే ఫంక్షన్ లోపల మానదంట."

ఎందుకు పూసుకున్నావు అన్న మాట చంద్రిక నోటిదాకా వచ్చింది. జవాబు తెలిసిన ప్రశ్న అది. మింగేసింది.

"మీరేమీ అనలేదనే చెప్తా ఉండాది," అన్నాడు మారప్ప, ఆమె మౌనాన్ని కోపమనుకుని. "గొంతు బాగుండాదని వేరే వేషం ఇచ్చినారంట. ఇదే ఏదో మనసులో పెట్టుకొని చేసుకొనింది. మీ మీద ఒక్క మాట పడనియ్యదమ్మా. వాళ్ళమ్మ రెండు మాటలన్నా, మిస్సును అనద్దు అని పోట్లాడింది. ఇప్పుడేమో స్కూలుకే రానంటాది. ఈ మొగంతో కూలోళ్ళ వేషానికి కూడా పనికిరాను, మిస్ కోప్పడతారు అని ఒకటే ఏడుపు. అందుకే పిలుచుకొని వచ్చినాను. యాడో ఒక చోట, వెనక వరసలో నిలబెట్టుకోండమ్మా. తీసెయ్యద్దండి."

వరండాలో ఎవరో టీచర్లు నడుస్తూ వెళ్ళారు. ఒకామె ఆగి గంగ ముఖం వైపు చూసి, అడగలేక, వెళ్ళిపోయింది.

చంద్రిక దగ్గర ఒక మాట సిద్ధంగా ఉంది. అయ్యో పిచ్చిపిల్లా, రంగులో ఏముంది, నేనెందుకట్లా అనుకుంటాను. ఆ మాట అంటే చాలు. తండ్రి దండం పెట్టి వెళ్ళిపోతాడు. గంగ కూడా ఆ మాట కోసమే చూస్తోంది. మందు మెరిసే ముఖం ఎత్తి, నమ్మడానికి తయారై, చూస్తోంది.

"గొంతు కోసం కాదు," అంది చంద్రిక. తన గొంతు తనకే వినిపించనట్టుంటే మళ్ళీ అంది. "గొంతు కోసం కాదు. రంగు చూసే మార్చినాను. ఆ రోజు నవ్వినాను కూడా. గంగ చూసింది."

గంగ చున్నీ మళ్ళీ పైకి లాక్కుంది.

మారప్ప కాలి బొటనవేలితో బండల సందులోని మట్టిని గీకుతూ ఉన్నాడు.

"తెలుసమ్మా," అన్నాడు చివరికి. "మా కంపెనీకి రెండు గేట్లు. ముందర గేటు కాడ ఎవర్ని పెట్టాల, వెనక గేటుకు ఎవరు అని సూపర్వైజరు ఒక చూపు చూసి చెప్పేస్తాడు. చేరినప్పట్నించీ నాకు వెనక గేటే. రంగని ఎవరూ నోరు తెరిచి అనరు. మారప్పా, నీ గొంతు గట్టిదప్పా, లారీ డ్రైవర్లను నువ్వైతేనే ఆపుతావు అంటారు." ఒకసారి తల ఎత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు. "మొదట్లో ఆ మాట నాకు సంతోషంగానే ఉండేది."

చంద్రిక స్తంభానికి చెయ్యి ఆనించింది.

"నన్ను క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు," అంది.

"అంత మాట ఎందుకమ్మా. పిల్ల చదువుకోవాల, అంతే నాకు." గంగ వైపు తిరిగాడు. "పో పాపా, క్లాసుకు పో. నేను సాయంత్రం ఇంట్లోనే ఉంటాను."

క్షమించానని అనలేదు. చంద్రిక అది గమనించింది. అతను మెట్లు దిగి, చెప్పులు వేసుకుని, ఎండలో గేటు వైపు నడిచాడు. వాచ్‌మన్ గేటు తీయడానికి లేవబోతే, నువ్వు కూర్చో అన్నట్టు చెయ్యి చూపి, తనే గడియ తీసుకుని బయటికి వెళ్ళి, మళ్ళీ సరిగ్గా వేశాడు.

*

సిస్టర్ ఆరోగ్యమేరి ఫోనులో పూలవాడితో మాట్లాడుతోంది. కూర్చోమని కుర్చీ చూపింది. చంద్రిక కూర్చోలేదు. ఫోను పెట్టేదాకా ఆగి, జరిగిందంతా చెప్పింది. పవిత్ర అన్న మాట చెప్పకుండా తన నవ్వు మాత్రమే చెప్పింది.

చెబుతూ చెబుతూ ఎదుటి మనిషిని చూసింది. సిస్టర్ ముఖం గంగ ముఖమంత నల్లన. దాని చుట్టూ అదే తెల్లటి ముసుగు, అదే గంజి. ఇన్నేళ్ళుగా రోజూ పొద్దున అసెంబ్లీలో ఆ ముఖాన్ని చూస్తూనే ఉంది. ఒక్కనాడూ అందులో మనిషిని వెతుక్కోవలసి రాలేదు. ఆ సంగతి ఇప్పుడు, ఈ గదిలో, తోచింది.

సిస్టర్ బల్ల మీద పరిచి ఉన్న తన చేతిని చూసుకుంటోంది.

"ఆ రోజు నేనేమంటిని?" అంది, తమిళ యాస తెలుగులో. "ఇప్పుడు మన మదర్ మాదిరే ఉండాది అంటిని గదా?"

చంద్రిక తల ఊపింది.

"ముందు ఆ ఇంకో పిల్ల చేస్తా ఉండింది, తెలుసు నాకు. వరండాలో నడిచేది చూసినాను. పిల్ల మారింది అని చూసినాను. ఎందుకు మారింది అని అడగలేదమ్మా. సంతోషపడినాను." చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "నేను లైన్లో పుట్టినదాన్ని. మా అప్పా గనిలో చేసినాడు. నాకే తోచలేదు చూడు."

బయట పిల్లలు పాట ప్రాక్టీసు చేస్తున్నారు. ఒకే లైను మళ్ళీ మళ్ళీ.

"నువ్వు నవ్వినప్పుడు ఎవురెవురు ఉండారు?"

"నాటకం పిల్లలంతా ఉన్నారు సిస్టర్."

"అట్లైతే వాళ్ళందరి ముందర చెప్పాల. నా కాడ చెప్పేసి పోతే సరిపోదు." సిస్టర్ లేచింది. "పద. నేనూ చెప్పాల్సింది ఉండాది."

*

హాల్లో పిల్లలు వేషాలు వేసుకుంటున్నారు. సిస్టర్ కూడా రావడం చూసి లేచి నిలబడ్డారు. గంగ చివరి బెంచీలో చున్నీ కప్పుకుని కూర్చుని, అందరితో పాటు లేచింది. పవిత్ర మూల కూర్చుని ఎవరి పావడాకో బొందు ఎక్కిస్తోంది.

ఎలా మొదలుపెట్టాలో చంద్రిక దారిలో అనుకున్నదంతా పోయింది.

"గంగ చేతిలోంచి మదర్ వేషం ఎందుకు తీసినానో మీలో చానామందికి తెలుసు," అంది. "గంగ నల్లగా ఉందని తీసినాను. గొంతు బాగుంది అని తనతో అబద్ధం చెప్పినాను. అంగీ వేసుకున్నప్పుడు నవ్వినాను. టీచరు చేయగూడని పని. తప్పు నాది. గంగా, నీకు క్షమాపణ చెప్తా ఉన్నాను."

వరసల్లో ఉన్న నల్లటి పిల్లలు కొందరు ఆమెను కాకుండా నేలను చూస్తున్నారు. అది చూడటం చంద్రికకు అన్నిటికంటే కష్టమైంది.

"చూసి కూడా అడగకుండా ఉంటిని. నా తప్పు కూడా ఉండాది," అంది సిస్టర్.

పవిత్ర చేతిలో బొందు సగంలో ఆగిపోయింది. తల ఎత్తలేదు.

అప్పుడు చైత్ర మాట్లాడింది. తెల్ల అంగీలో, ముసుగు ఇంకా పూర్తిగా బిగించకుండా, ముందు వరసలో ఉంది.

"బాగుంది బాగుంది అని రోజూ అన్నారు కదా మిస్?"

చంద్రిక ఆమె వైపు తిరిగింది. ఈ పిల్ల గురించి ఆలోచించనే లేదు. వరండా నుంచి సిస్టర్ గదికి, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేదాకా ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

"నేను బాగా చేస్తా ఉన్నానని ఇచ్చినారనుకున్నాను," అంది చైత్ర. "మా నాయనకు కూడా అట్లే చెప్పినాను." వెనక్కి చేతులు పెట్టి ముసుగు పిన్నీసు తీయబోయింది. రాలేదు. గట్టిగా లాగింది.

చంద్రిక ముందుకు వెళ్ళేలోపు గంగ బెంచీల మధ్య నుంచి వచ్చింది. చైత్ర వెనక నిలబడి, "ఆగు, చిరిగిపోతాది," అని పిన్నీసు తీసింది. తీసే పనికి రెండు చేతులూ కావలసి వచ్చి చున్నీ జారిపోయింది. పిల్లలంతా ఆమె ముఖం చూశారు. గంగ చున్నీ ఎత్తుకోలేదు.

"గంగా, నీకిష్టమైతే..." అని మొదలుపెట్టింది చంద్రిక.

"దాన్ని అడగండి మిస్, ముందు," అంది గంగ.

చైత్ర ముక్కు తుడుచుకుంది. "నాకు భయమేస్తాది స్టేజంటే. మరిచిపోతాను. నాకు కూలోళ్ళ వేషమే ఇయ్యండి." ముసుగు గంగ చేతికిచ్చింది.

గంగ ఆ బట్టను కాసేపు పట్టుకుని ఉంది. వద్దంటుందేమో అనుకుంది చంద్రిక. ఆ పిల్లకు వద్దనడానికి హక్కుందని, అనాలని కూడా ఎక్కడో కోరుకుంది. అలా అంటే తనకు తగిన శిక్ష పడినట్టుంటుంది.

"నాకు ఈ వేషం ఇష్టమే మిస్," అంది గంగ. "చేస్తాను."

*

వేడుక నాటి సాయంత్రం గ్రౌండు నిండిపోయింది. బస్సుల్లో పల్లెల నుంచి తల్లిదండ్రులు వచ్చారు. పాత విద్యార్థులు బెంగళూరు నుంచి కార్లలో వచ్చారు. స్టేజి వెనక గదిలో చంద్రిక పిన్నీసుల డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి గంగ అప్పటికే అంగీ తొడుక్కుని ఉంది. చీర కట్టిన చైత్ర స్టూలెక్కి ఆమె ముసుగు బిగిస్తోంది. గంగ ముఖం మీద మచ్చలు ఇంకా ఉన్నాయి. పౌడరు పూయలేదు.

"నేను చూడనా?" అంది చంద్రిక.

"అయిపోయింది మిస్," అన్నారు ఇద్దరూ.

రెండో సీనులో గంగ కూలీల వరస ముందు నిలబడి మాట్లాడుతుంటే, ముందు కుర్చీల్లో ఉన్న ముసలివాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఆ వెలుతురులో ముసుగూ కనిపించింది, ముఖమూ కనిపించింది. చంద్రిక తెర పక్క నుంచి చూసింది. జనం ముఖాలు చూడాలనిపించి చూసింది. ఎవరూ నవ్వలేదు. నవ్వుతారని ఎవరు చెప్పారు తనకు?

నాటకం అయ్యాక పాత విద్యార్థుల సంఘం అధ్యక్షుడు వెంకటరమణప్ప మైకు అందుకున్నాడు. "ఇంత మంచి నాటకం రాసి, పిల్లల్లో దాగిన ప్రతిభను గుర్తించి బయటికి తెచ్చిన చంద్రికా మేడంను సన్మానించుకోవడం మన బాధ్యత," అన్నాడు. చంద్రిక సిస్టర్ వైపు చూసింది. సిస్టర్ తల దించుకుని ఉంది. వద్దనడానికి వీల్లేకపోయింది. స్టేజి మీదికి వెళ్ళింది. శాలువా కప్పారు. జరీ అంచు మెడకు గీరుకుంది. జనం చప్పట్లు కొట్టారు. స్టేజి పక్కన నాటకం పిల్లలు నిలబడి ఉన్నారు. జరిగిందంతా తెలిసిన పిల్లలు. వాళ్ళూ కొట్టారు. గంగ కూడా, అందరూ మొదలుపెట్టినప్పుడు మొదలుపెట్టి, అందరూ ఆపినప్పుడు ఆపింది.

ఫోటోగ్రాఫరు పిల్లల్ని స్టేజి మీదికి పిలిచి వరసలు కట్టించాడు. మేడం నడుమ, పక్కన మదర్ అన్నాడు. గంగ చైత్ర చెయ్యి వదిలి వచ్చి, చంద్రిక పక్కన, కొంచెం ఎడంగా నిలబడింది.

"దగ్గరికి జరగండి. మేడం, పాప భుజం మీద చెయ్యి వెయ్యండి."

చంద్రిక చెయ్యి ఎత్తి ఆపేసింది. తల వంచి, ఆ పిల్లకు మాత్రమే వినిపించేలా అడిగింది.

"వెయ్యనా గంగా?"

గంగ ఎదురుగా కెమెరా వైపే చూస్తోంది.

"ఫోటోకే కదా మిస్," అంది. "వెయ్యండి."

చంద్రిక చెయ్యి వేసింది. ఆ తెల్లటి బట్ట మీద బరువు పడకుండా, లైటు వెలిగి ఆరేదాకా, అలాగే పట్టుకుని నిలబడింది.